పానిక్ డిజార్డర్‌కు యాంటీ సైకోటిక్ మందులు: పరిశోధన ఎంతవరకు అండగా నిలుస్తుంది?

పానిక్ డిజార్డర్‌కు చికిత్స తీసుకుంటున్న మనిషి, డాక్టరు కొత్తగా రాసిచ్చిన రాత్రి మాత్ర పేరు ఫోనులో వెతుకుతారు. తెర మీద మొదట కనిపించే మాట స్కిజోఫ్రెనియా. అక్కడి నుంచి రెండు భయాలు మొదలవుతాయి. తనకు పిచ్చి ఉందని తేల్చేసి ఆ సంగతి దాచారేమోనన్నది ఒకటి. అవసరం లేని పెద్ద మందు ఇచ్చారేమోనన్నది రెండోది. మొదటి భయానికి ఆధారం లేదు. యాంటీ సైకోటిక్ అని పిలిచే మందులను వాంతులకు, ఆగని ఎక్కిళ్ళకు, నిద్రకు, డిప్రెషన్‌కు కూడా వాడతారు. రెండో భయం మాత్రం సరైన ప్రశ్న. దానికి ఒక్క మాటలో జవాబు లేదు కానీ, అరవై ఏళ్ళకు పైబడిన పరిశోధనలో జవాబు చాలావరకు ఉంది.

ముందుగా పానిక్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. పానిక్ అటాక్ మామూలు కంగారు కాదు. ఏ ప్రమాదమూ లేని చోట ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఒళ్ళంతా చెమట పడుతుంది, ప్రాణం పోతోందనో మతి తప్పుతోందనో అనిపిస్తుంది. నిమిషాల్లోనే తీవ్ర స్థాయికి చేరి, ఆ తరువాత నెమ్మదిగా తగ్గుతుంది. ఆసుపత్రికి పరుగెత్తి ఈసీజీ తీయిస్తే అంతా నార్మల్ అంటారు. ఇవి మళ్ళీ మళ్ళీ వస్తూ, ఇంకోటి ఎప్పుడు వస్తుందోనన్న దిగులుతో మనిషి బస్సెక్కడం, ఒంటరిగా బయటికి వెళ్ళడం మానుకునే స్థితికి వస్తే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. ఇందులో లేని గొంతులు వినిపించవు, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారన్న నమ్మకాలు ఉండవు. మతి తప్పుతుందేమోనన్న భయం ఈ జబ్బు లక్షణం, మతి తప్పడం కాదు. ఈ తేడా తెలియక ఏళ్ళ తరబడి లోలోపల కుమిలిపోయేవారు చాలామంది.

హిల్‌సైడ్ ఆసుపత్రిలో బయటపడిన తేడా

పానిక్‌కూ యాంటీ సైకోటిక్ మందులకూ ఉన్న సంబంధం న్యూయార్క్ నగరంలోని హిల్‌సైడ్ ఆసుపత్రితో ముడిపడి ఉంది. అసలు పానిక్‌ను వేరే జబ్బుగా గుర్తించడంలో ఈ మందుల వైఫల్యానికి కూడా పాత్ర ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఫ్రాన్స్‌లోని రోన్ పూలాంక్ కంపెనీలో 1950లో తయారైన మొదటి యాంటీ సైకోటిక్ క్లోర్‌ప్రొమజైన్‌ను 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో మానసిక రోగులకు వాడి చూశారు. తీవ్రమైన ఉద్రేకంలో ఉన్నవారు కుదుటపడటంతో అది కొద్ది ఏళ్ళలోనే ప్రపంచమంతా పాకింది. ఇంత పెద్ద కలవరాన్ని అణచిన మందు చిన్న కలవరానికి పనిచేయకుండా ఉంటుందా అని వైద్యులు అనుకోవడం సహజమే. ఆందోళన అంతా ఒకటే, తీవ్రతలోనే తేడా అన్నది అప్పటి నమ్మకం. దాన్ని ఒక గీతగా ఊహిస్తే, లేని గొంతులు వినిపించే, లేని కుట్రలను నమ్మే సైకోసిస్ ఒక చివర, రోజువారీ కంగారు మరో చివర.

1950ల చివర హిల్‌సైడ్‌లో డొనాల్డ్ క్లైన్, మాక్స్ ఫింక్ అనే ఇద్దరు వైద్యులు ఇమిప్రమైన్ అనే కొత్త మందును పరిశీలిస్తున్నారు. ఈ మందుకూ ఒక నేపథ్యం ఉంది. రసాయనికంగా అది క్లోర్‌ప్రొమజైన్‌కు దగ్గరి చుట్టం. స్విట్జర్లాండ్‌లో దాన్ని మొదట స్కిజోఫ్రెనియాకు వాడి చూస్తే పనిచేయలేదు, డిప్రెషన్‌కు పనిచేసింది. హిల్‌సైడ్ వార్డులో కొందరు రోగులు రోజుకు మూడు నాలుగు సార్లు నర్సుల గది దగ్గరికి పరుగెత్తుకొచ్చి చచ్చిపోతున్నామని చెప్పేవారు. నర్సు చేయి పట్టుకుని కాసేపు కూర్చోబెడితే తగ్గేది. మాటల చికిత్స వారికి పనిచేయలేదు, క్లోర్‌ప్రొమజైన్ వంటి మందులూ పనిచేయలేదు. ఇమిప్రమైన్ మొదలుపెట్టిన కొద్ది వారాలకు కూడా తమకేమీ మార్పు లేదనే రోగులు చెప్పారు. వారికి మాటల చికిత్స చేస్తున్నవారూ అదే అన్నారు. మార్పును గమనించింది వార్డు నర్సులు. ఆ మనిషి తమ గది దగ్గరికి పరుగెత్తుకు రావడం మానేశాడని వారు చెప్పారు.

క్లైన్ దీన్ని వదిలిపెట్టలేదు. ఉన్నట్టుండి విరుచుకుపడే అటాక్ వేరు, అది మళ్ళీ వస్తుందేమోనన్న దిగులు వేరు అని ఆయన గ్రహించారు. ఇమిప్రమైన్ మొదటిదాన్ని ఆపింది, రెండోదాన్ని నేరుగా తాకలేదు. మందుకు స్పందించే తీరును బట్టి ఆందోళనలో రెండు రకాలున్నాయని 1964లో వ్యాసం ప్రచురించారు. 1980లో వచ్చిన అమెరికా మానసిక వ్యాధుల వర్గీకరణ మూడో కూర్పులో పానిక్ డిజార్డర్ ప్రత్యేక వ్యాధిగా చేరడానికి దారి వేసిన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. సైకోసిస్ నుంచి కంగారు దాకా అంతా ఒకే గీత అనుకున్న నమ్మకం అక్కడ చెదిరింది. పెద్ద కలవరాన్ని అణచే మందు ఈ కలవరాన్ని ముట్టుకోలేకపోవడం వల్లనే ఇది ఇంకోటి అని తెలిసింది.

నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ ఎందుకు?

మరి అక్కడ విఫలమైన మందుల కుటుంబం మళ్ళీ పానిక్ రోగుల మందుల చీటీల్లోకి ఎలా వచ్చింది? రెండో తరం మందులు వచ్చాయన్నది ఒక కారణం. రిస్పెరిడోన్, ఒలాంజపైన్, క్వెటియాపైన్, అరిపిప్రజోల్ వంటివి చాలా పాతవాటిలా మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని ప్రధానంగా అడ్డుకోవడంతో ఆగవు. సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద కూడా గట్టిగా పనిచేస్తాయి. పానిక్‌లో సెరటోనిన్ వ్యవస్థకు పాత్ర ఉందని తెలుసు కాబట్టి వీటికి ఒక శాస్త్రీయమైన ఆశ ఉంది. చిన్న మోతాదుల్లో క్వెటియాపైన్ ముఖ్యంగా హిస్టమిన్ గ్రాహకాన్ని మూసి నిద్ర తెప్పిస్తుంది. నిద్ర పట్టిన రోగికి కాస్త ఊరట కలుగుతుంది. ఆ ఊరటకూ పానిక్ తగ్గడానికీ సంబంధం ఉందా అన్నది వేరే ప్రశ్న. పరిశోధన వ్యాసాలు చదివేటప్పుడు మనం ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

రెండో కారణం మరింత ముఖ్యమైనది. పానిక్‌కు మొదట వాడే సెర్ట్రలిన్, పారొక్సెటిన్, ఎసిటలోప్రామ్ వంటి, సెరటోనిన్ అందుబాటును పెంచే ఎస్ఎస్ఆర్ఐ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి కంగారు పెరుగుతుంది కూడా. తగినంత మోతాదులో, తగినంత కాలం వాడినా పూర్తిగా తేరుకోనివారు గణనీయంగా ఉంటారు. వేగంగా పనిచేసే ఆల్ప్రజోలం, క్లోనజెపాం వంటివి అలవాటుగా మారతాయి. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం కలిపి అమ్మిన ఉదంతాలు తెలిసినవారికి, అది దొరకని రోజు జనం ఎంత విలవిలలాడతారో విడమరచి చెప్పనక్కర్లేదు. అలవాటు చేయని మందు ఒకటుంటే బాగుండునన్న ఆరాటంలోనే డాక్టర్ల చూపు యాంటీ సైకోటిక్‌ల మీద పడింది. ఆ ఆరాటాన్ని నేను తప్పుపట్టను. ఎదురుగా కూర్చున్న మనిషి ఆరు నెలలుగా ఇల్లు కదలలేకపోతుంటే ఏదో ఒకటి చేయాలనిపించడం మానవ సహజం.

చిన్న అధ్యయనాలు, పెద్ద ఆశలు

ఇక పరిశోధనల సంగతి. 2005లో అమెరికాలో పది మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. ఇతర మందులకు లొంగని పానిక్ ఉన్న ఈ పది మందికి ఎనిమిది వారాల పాటు ఒలాంజపైన్ ఇచ్చారు. సగటు మోతాదు రోజుకు 12.3 మిల్లీగ్రాములు. అటాక్‌లు బాగా తగ్గాయి. 2006లో ఇటలీ పరిశోధకులు ఎస్ఎస్ఆర్ఐ వాడుతున్నా తగ్గనివారికి 5 మిల్లీగ్రాముల ఒలాంజపైన్ జోడించి పన్నెండు వారాలు చూశారు. అక్కడా మెరుగుదలే. అదే ఏడాది తగ్గని ఆందోళన వ్యాధులున్న 30 మందికి రిస్పెరిడోన్ జోడించిన అధ్యయనం వచ్చింది. వారిలో పానిక్ ఉన్నవారు ఏడుగురే. 2008లో అరిపిప్రజోల్‌ను 23 మందికి జోడించి చూశారు. వారిలో పానిక్ ఉన్నవారు పది మంది. ఫలితం మళ్ళీ ఆశాజనకమే.

ఈ నాలుగూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కదా, ఇంకేం కావాలి అనిపించవచ్చు. కావలసింది చాలా ఉంది. ఈ నాలుగింటిలోనూ రోగికీ డాక్టరుకూ ఏ మందు ఇస్తున్నారో తెలుసు. పోల్చి చూడటానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న రెండో గుంపు లేదు. పానిక్ విషయంలో ఈ లోపం మామూలుకన్నా ఎక్కువ ప్రమాదకరం. ఎందుకంటే ఈ జబ్బు తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి అధ్యయనంలో చేరేది సాధారణంగా బాధ పతాక స్థాయిలో ఉన్నప్పుడు. ఆ తరువాత ఏం చేసినా చేయకున్నా కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఎండలు మండి, చెరువులు అడుగంటాక వరుణయాగం చేస్తారు, నాలుగు రోజులకు వాన పడుతుంది. యాగం చేయని పక్క మండలంలోనూ అదే రోజు పడిందో లేదో చూడకుండా వానకు కారణం చెప్పలేం.

పానిక్‌లో ఆ పక్క మండలంలో కూడా వాన బాగానే పడుతుంది. మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో మూడో వంతు మంది, కొన్ని పరీక్షల్లో అంతకన్నా ఎక్కువమంది మెరుగుపడ్డారు. ఇది రోగులు నటిస్తున్నారని అర్థం కాదు. తన బాధను ఒకరు శ్రద్ధగా విన్నారు, వారం వారం ఫోను చేసి అడుగుతున్నారు, గుండెకు ఏమీ కాలేదని నిపుణుడు మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. 'చచ్చిపోతున్నాను' అన్న ఆలోచనే అటాక్‌ను ఎగదోసే జబ్బులో ఆ భరోసాకు నిజమైన బలం ఉంటుంది. అందుకే పోలిక లేని అధ్యయనంలో మందు పాలు ఎంత, భరోసా పాలు ఎంత, కాలం పాలు ఎంత అన్నది విడదీయలేం.

2009లో న్యూయార్క్ నుంచి వచ్చిన అధ్యయనం ఒక మెట్టు పైన ఉంది. 56 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడగొట్టి ఒక గుంపుకు చిన్న మోతాదు రిస్పెరిడోన్, రెండో గుంపుకు పారొక్సెటిన్ ఇచ్చారు. లక్షణాలను కొలిచేవారికి ఎవరు ఏ మందు మీద ఉన్నారో తెలియదు, రోగులకు తెలుసు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, రెంటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్ని పట్టుకుని రిస్పెరిడోన్ పారొక్సెటిన్‌కు సమానం అన్నవారున్నారు. ఆ మాట చెల్లదు. ఇంత చిన్న గుంపుల్లో తేడా కనిపించకపోతే తేడా లేదని కాదు, ఉన్నా కనిపెట్టేంత శక్తి ఆ అధ్యయనానికి లేదని కూడా అర్థం కావచ్చు. పైగా ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు. చేరినవారిలో కొందరికి అసలు జబ్బు డిప్రెషన్, పానిక్ అటాక్‌లు దానికి తోడుగా వచ్చినవి.

అన్నిటికన్నా నిక్కచ్చిగా రూపొందించిన పరీక్ష 2015లో అచ్చయింది. ఎస్ఎస్ఆర్ఐకి లొంగని పానిక్ ఉన్నవారికి ఆ మందును అలాగే ఉంచి, దానికి తోడుగా కొందరికి నెమ్మదిగా విడుదలయ్యే క్వెటియాపైన్, మరికొందరికి ఉత్తుత్తి మాత్ర ఎనిమిది వారాల పాటు ఇచ్చారు. ఎవరికి ఏది దక్కిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. క్వెటియాపైన్ ఉత్తుత్తి మాత్రను మించినట్టు తేలలేదు. ఇందులోనూ ఉన్నది ఇరవై పైచిలుకు మందే. కాబట్టి క్వెటియాపైన్ పనికిరాదని దీంతో నిరూపణ కాలేదు. కానీ ఒకటి గమనించాలి. పోలిక లేనప్పుడు వచ్చిన ఉత్సాహం పోలిక పెట్టగానే చల్లబడింది. నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనలో అతి ముఖ్యమైన సంగతి ఇదే.

ఉన్మాద దశ, డిప్రెషన్ మారి మారి వచ్చే బైపోలార్ వ్యాధి ఉన్నవారిలో వచ్చే పానిక్ విషయం కొంత వేరు. వారికి ఎస్ఎస్ఆర్ఐ ఇస్తే మూడ్ అదుపు తప్పి ఉన్మాద దశలోకి వెళ్ళే ప్రమాదం ఉంటుంది కాబట్టి యాంటీ సైకోటిక్ వాడటానికి అక్కడ వేరే కారణమే ఉంది. అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ షీహన్ బృందం ఈ రోగుల మీద రెండు మంచి పరీక్షలు చేసింది. బైపోలార్‌తో పాటు పానిక్ లేదా దీర్ఘకాలిక ఆందోళన ఉన్న 111 మందికి రిస్పెరిడోన్ ఇచ్చి చూస్తే అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఆ ఫలితం 2009లో వచ్చింది. 2013లో అలాంటి 149 మంది మీద క్వెటియాపైన్‌ను పరీక్షిస్తే అది మించింది. ఒకే బృందం, ఒకే రకం రోగులు, రెండు మందులు, రెండు రకాల ఫలితాలు. కాబట్టి 'యాంటీ సైకోటిక్‌లు పనిచేస్తాయా' అని గంపగుత్తగా అడగడంలో అర్థం లేదు. ఏ మందు, ఏ మోతాదు, ఎలాంటి రోగికి అని అడగాలి.

రుజువుకన్నా ముందు నడిచిన వాడకం

ఆందోళన వ్యాధుల్లో క్వెటియాపైన్‌కు గట్టి ఆధారాలు ఉన్నది ఒక్క చోటే. ఏ ఒక్క కారణానికీ కట్టుబడకుండా నెలల తరబడి సాగే సాధారణ ఆందోళన వ్యాధిలో వేలమంది మీద పరీక్షలు జరిగాయి. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2010లో ప్రచురించిన సమీక్షలో 11 పరీక్షలు, 4144 మంది ఉంటే, వారిలో అత్యధికులు క్వెటియాపైన్ పరీక్షల్లోని వారే. ఆ జబ్బులో అది ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలింది. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి ఆ అనుమతి ఇవ్వలేదు. 2009లో నిపుణుల సంఘం ముందు జరిగిన చర్చలో ప్రధాన అభ్యంతరం పనితనం గురించి కాదు. బరువు, షుగరు, కొలెస్టరాల్ పెరగడం, అసంకల్పిత కదలికలు వంటి ప్రమాదాలను ఈ జబ్బుకోసం ఇంతమంది మీద మోపవచ్చా అన్నదే. పనిచేయడం ఒకటి, వాడదగినది కావడం మరొకటి. పనితనమే రుజువు కాని పానిక్‌కు ఈ తర్కాన్ని అన్వయిస్తే ఏం తేలుతుందో పాఠకులే ఊహించగలరు. ఈనాటికీ ఏ యాంటీ సైకోటిక్‌కూ పానిక్ డిజార్డర్ చికిత్స కోసం ఎఫ్‌డీఏ అనుమతి లేదు.

వాడకం మాత్రం ఆగలేదు. అమెరికాలో ఆందోళన వ్యాధులతో మానసిక వైద్యుల దగ్గరికి వచ్చిన సందర్శనల్లో యాంటీ సైకోటిక్ రాసినవి 1996–99 మధ్య 10.6 శాతం. 2004–07 నాటికి 21.3 శాతం. రెట్టింపు. జబ్బుల వారీగా చూస్తే అత్యధిక పెరుగుదల పానిక్‌లోనే. ఇదంతా డాక్టర్ల స్వంత నిర్ణయమే అనుకోవడానికి లేదు. క్వెటియాపైన్ తయారీదారు ఆస్ట్రాజెనికా, అనుమతి లేని జబ్బులకు దాన్ని ప్రచారం చేసిందన్న ఆరోపణల పరిష్కారం కోసం 2010లో అమెరికా ప్రభుత్వానికి 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ ఆరోపణల్లో ఆందోళన, నిద్రలేమి కూడా ఉన్నాయి.

మన దగ్గర కథ ఇంకో రకంగా ఉంది. డియాన్‌జిట్ అనే మాత్రలో 0.5 మిల్లీగ్రాముల ఫ్లుపెంథిక్సాల్ అనే యాంటీ సైకోటిక్, 10 మిల్లీగ్రాముల మెలిట్రాసెన్ అనే డిప్రెషన్ మందు కలిసి ఉంటాయి. కంగారుకు, గుండె దడకు, అంతుపట్టని నొప్పులకు దాన్ని ఫిజీషియన్లు సైతం విరివిగా రాసేవారు. తయారీదారు స్వదేశమైన డెన్మార్క్‌లోనే దాని అమ్మకానికి అనుమతి లేదని 2012 మే నెలలో మన పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 59వ నివేదికలో ఎత్తిచూపింది. 2013 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ మాత్ర తయారీని, అమ్మకాన్ని నిలిపివేస్తూ ఆదేశాలిచ్చింది. ఆ పైన వివాదం కోర్టుకెక్కింది.

ఇంకా పెద్ద సంగతి గ్యాస్ మందుల్లో ఉంది. పానిక్ వచ్చినవారిలో చాలామంది మన ఊళ్ళలో మొదట అనుకునేది గ్యాస్ పట్టేసిందనే. ఛాతీలో బరువు, కడుపులో తిప్పడం, తల తిరగడం, ఇవన్నీ అలాగే అనిపిస్తాయి. అప్పుడు రాసే గుళికల్లో రాబెప్రజోల్ లేదా పాంటొప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ కలిసినవి ఉంటాయి. లెవోసల్పిరైడ్ డోపమైన్‌ను అడ్డుకునే మందు, యాంటీ సైకోటిక్ వర్గానికి చెందినది. తల తిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్ కూడా పాత యాంటీ సైకోటిక్కే. కొద్ది రోజులకు వాడితే చాలామందికి ఏ ఇబ్బందీ రాకపోవచ్చు. చీటీ దాచుకుని నెలల తరబడి మందుల షాపులో కొనుక్కునే అలవాటుతోనే చిక్కు. పెద్ద వయసువారిలో లెవోసల్పిరైడ్ వల్ల చేతుల వణుకు, నడక మందగించడం, నోటి చుట్టూ అసంకల్పిత కదలికలు రావడం వైద్య సాహిత్యంలో బాగా నమోదైంది. స్త్రీలలో పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి నెలసరి తప్పడం, పాలు రావడం జరుగుతుంది. మనం యాంటీ సైకోటిక్ వాడుతున్నామన్న సంగతే తెలియకుండా వాడుతున్న మనుషులు వీరు. స్కిజోఫ్రెనియా అన్న మాట చూసి భయపడే రోగికన్నా నాకు వీరి గురించే ఎక్కువ బెంగ.

కొత్త కంగారుగా కనిపించే దుష్ఫలితం

పానిక్ రోగి విషయంలో ప్రత్యేకంగా తెలుసుకోవలసిన దుష్ఫలితం ఒకటుంది. దాని పేరు అకథీసియా. డోపమైన్‌ను అడ్డుకునే మందులు మొదలుపెట్టిన రోజుల్లోనో వారాల్లోనో వస్తుంది. మనిషి కుదురుగా కూర్చోలేడు. కాళ్ళు కదుపుతూనే ఉండాలనిపిస్తుంది, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, లోపల ఏదో తరుముతున్నట్టు భరించలేని అశాంతి. చూసేవారికి ఇది జబ్బు ముదిరినట్టే ఉంటుంది. రోగికి కూడా కంగారు ఎక్కువైందనే అనిపిస్తుంది. అదే మాట డాక్టరుతో చెబితే మందు మోతాదు పెరిగే ప్రమాదం ఉంది, దానితో అశాంతి ఇంకా పెరుగుతుంది. ప్రాణం పోతుందేమోనని ముందే బెదిరిపోయి ఉన్న మనిషికి ఇది నరకం. అరిపిప్రజోల్‌తో, పాత మందులతో, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తో కూడా ఇది వస్తుంది. గుర్తిస్తే మందు తగ్గించడం లేదా ఆపడం వల్ల తగ్గుతుంది, దానికి వేరే మందులూ ఉన్నాయి. 'కంగారుగా ఉంది' అని చెప్పి ఊరుకోకుండా, 'ఈ మందు మొదలుపెట్టాక కాలు నిలవడం లేదు' అని చెప్పాలి. ఆ ఒక్క వివరం డాక్టరు నిర్ణయాన్ని మార్చేస్తుంది.

క్వెటియాపైన్, ఒలాంజపైన్‌లతో లేవగానే తల తిరగడం, గుండె వేగంగా కొట్టుకోవడం ఉండవచ్చు. గుండె చప్పుడును అనుక్షణం చెవి ఒగ్గి వినే పానిక్ రోగికి ఇదే తరువాతి అటాక్‌కు నిప్పు అంటించగలదు. బరువు, షుగరు సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. షుగరు వ్యాధి ఇంత విస్తరించిన మన రాష్ట్రాల్లో ఈ మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, షుగరు, కొలెస్టరాల్ చూసుకోకపోవడం పెద్ద లోపం.

చికిత్సల లాభనష్టాలను బేరీజు వేసి డాక్టర్లకు సూచనలిచ్చే బ్రిటన్‌లోని నైస్ సంస్థ, పానిక్ డిజార్డర్ చికిత్సకు యాంటీ సైకోటిక్‌లను రాయవద్దని తన మార్గదర్శకాల్లో సూటిగా చెప్పింది. అదే వాక్యంలో మత్తునిచ్చే అలర్జీ మందులనూ చేర్చింది. అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 2009 మార్గదర్శకాలు అంత కఠినంగా లేవు గానీ, ఆధారాలు చాలా పరిమితమని అవీ ఒప్పుకున్నాయి.

అయితే సైకోసిస్, పానిక్ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో సుమారు 15 శాతం మందికి పానిక్ డిజార్డర్ కూడా ఉంటుందని 2009 నాటి ఒక సమీక్ష అంచనా వేసింది. వారికి యాంటీ సైకోటిక్ తప్పనిసరి, పానిక్‌కు విడిగా చికిత్స కావాలి. ఇటువంటి రోగుల్లో పానిక్‌ను సైకోసిస్ కింద జమకట్టేసి పట్టించుకోకపోవడం కూడా జరుగుతుంది. అదీ అన్యాయమే.

ఆ మాత్రకు ముందు ఉన్న మెట్లు

తగ్గని పానిక్ అన్న మాట వాడే ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. థైరాయిడ్, గుండె లయలో తేడాలు పరీక్షించారా? రోజుకు ఎన్ని కాఫీలు, ఎంత మద్యం? ఎస్ఎస్ఆర్ఐ మోతాదు చాలినంత పెంచారా, రెండు మూడు నెలలైనా వాడారా, లేక పది రోజులకే విసిగి మానేశారా? ఒక ఎస్ఎస్ఆర్ఐ పనిచేయకపోతే మరొకటి, ఆ తరువాత వెన్లఫాక్సిన్, ఇంకా కాకపోతే ఇమిప్రమైన్, క్లోమిప్రమైన్ వంటి పాత మందులు ఉన్నాయి. క్లైన్ చూపిన ఇమిప్రమైన్ ఇప్పటికీ పనిచేస్తుంది, చౌక కూడా.

వీటన్నిటితో సమానంగా నిలబడేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ. ఇందులో ఓదార్పు మాటలకన్నా సాధన ఎక్కువ. కుర్చీలో గిర్రున తిరగడం, సన్నని గొట్టంతో ఊపిరి పీల్చడం, మెట్లు ఎక్కి గుండె దడ తెప్పించుకోవడం వంటివి చేయించి, ఆ శరీర సంకేతాలు ప్రాణాంతకం కావని మెదడుకు అనుభవంతో నేర్పిస్తారు. తప్పించుకు తిరిగే బస్సు, లిఫ్టు, సంతల్లోకి మెల్లమెల్లగా వెళ్ళిస్తారు. 2000లో అమెరికా సైకాలజిస్టు డేవిడ్ బార్లో బృందం 312 మంది మీద చేసిన పరీక్షలో సీబీటీ, ఇమిప్రమైన్ రెండూ పనిచేశాయి. చికిత్స ఆపేశాక ఎక్కువకాలం నిలిచింది సీబీటీ ఫలితమే.

అయినా సీబీటీకి బదులు మాత్ర ఎందుకు పడుతోంది? చేసే మనుషులు లేరు కాబట్టి. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టులు పెద్ద నగరాలు దాటితే అరుదు. నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వివిధ మానసిక వ్యాధులున్నవారిలో చికిత్స అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. జిల్లా కేంద్రంలో ఒకే డాక్టరు రోజుకు పదుల సంఖ్యలో రోగులను చూస్తున్నప్పుడు పన్నెండు వారాల సాధన ఎవరు చేయిస్తారు? అలాంటి చోట ఎస్ఎస్ఆర్ఐకి చిన్న మోతాదు క్వెటియాపైన్ జోడించిన డాక్టరును దోషిగా నిలబెట్టలేం. దోషం ఆ డాక్టరుకు ఇంకో దారి లేకుండా చేసిన ఏర్పాటుది. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ ఇరవై నాలుగు గంటలూ 14416 నంబరు మీద తెలుగులో కూడా దొరుకుతుంది. అది సీబీటీకి బదులు కాదు కానీ, అర్ధరాత్రి అటాక్ వచ్చినప్పుడు మాట్లాడే మనిషి ఉంటారు.

ఇప్పటికే ఈ మాత్ర వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి రేపు పొద్దున మానేయకూడదు. నెలల తరబడి వాడిన క్వెటియాపైన్ వంటివి ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, వికారం, చెమటలు, కంగారు తిరగబెట్టడం జరగవచ్చు. అది జబ్బు మళ్ళీ వచ్చినట్టే కనిపించి మనిషిని మరింత బెదరగొడుతుంది. డాక్టరు దగ్గర కూర్చుని కొన్ని సంగతులు అడగాలి. ఈ మందు నాకు దేనికోసం ఇచ్చారు, పానిక్‌కా, నిద్రకా, మూడ్‌కా? ఎన్ని వారాల్లో ఫలితం చూస్తాం, చూడకపోతే ఏం చేస్తాం? షుగరు, బరువు ఎప్పుడెప్పుడు చూడాలి? ఎప్పుడు, ఎంతెంత తగ్గిస్తూ ఆపుతాం? ఈ ప్రశ్నలకు సూటి జవాబులు ఉన్నచోట ఆ మాత్ర వెనక ఒక ఆలోచన ఉన్నట్టు. వెళ్ళేటప్పుడు గ్యాస్ మాత్ర, తల తిరుగుడు మాత్ర సహా ఇంట్లో వేసుకుంటున్న ప్రతి మందు అట్టనూ సంచిలో వేసుకుని తీసుకెళ్ళాలి.